సేవింగ్ త్రో, ఇమ్యూనిటీ: బల్లమీది పాత్రధారణక్రీడల్లో రక్షణనియమాల చరిత్ర, వ్యాఖ్యానసమస్యలు (1971–2024)

వ్యాససంగ్రహం

బల్లచుట్టూ కూర్చొని పాచికల సాయంతో ఆడే పాత్రధారణక్రీడల్లో పాత్రను ఆపదనుంచి కాపాడే నియమాలు ప్రధానంగా రెండు రకాలు. పాచిక వేసి తప్పించుకొనే అవకాశమిచ్చేది సేవింగ్ త్రో. పాచికతో నిమిత్తం లేకుండా ఆపదను పూర్తిగా తోసిపుచ్చేది ఇమ్యూనిటీ. 1971లో వచ్చిన ‘చైన్‌మెయిల్’ మొదలుకొని ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ క్రీడ 2024 నాటి సవరణ వరకు ఈ రెంటిమధ్య సరిహద్దు ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాచిక ఇచ్చే భరోసా తగ్గిన కాలాల్లో ఇమ్యూనిటీకి విలువ పెరిగిందనీ, నియమవ్యాఖ్యానంలో వచ్చే చిక్కులు చాలావరకు ‘కారణం’, ‘ఫలితం’ అనే రెంటిని వేరుచేయకపోవడంవల్ల పుట్టాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాత్రధారణక్రీడ, సేవింగ్ త్రో, ఇమ్యూనిటీ, నియమవ్యాఖ్యానం, ఉత్సర్గాపవాదాలు, గైగాక్స్.

1. ఉపోద్ఘాతం

ఆటల చరిత్రను సాంస్కృతికచరిత్రలో భాగంగా చూడటం కొత్త విషయం కాదు. అయితే ఆటల నియమగ్రంథాలను వ్యాఖ్యానానికి లోబడే పాఠాలుగా చదివిన సందర్భాలు తెలుగులో అరుదు. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ కోణంలో చదవదగిన పాఠం. ఈ ఆటలో ఒకరు క్రీడానిర్వాహకులుగా ఉండి కథాలోకాన్ని వర్ణిస్తారు. మిగిలినవారు ఒక్కొక్క పాత్రను ధరించి ఆ లోకంలో ఏంచేయదలచారో చెబుతారు. సందేహమున్నచోట పాచిక నిర్ణయిస్తుంది. ఆ పాచికను ఎప్పుడు, ఎందుకు వేయాలో నియమగ్రంథం చెబుతుంది. గ్రంథం చెప్పని చోట, చెప్పినది రెండర్థాలకు తావిచ్చిన చోట, నిర్ణయం నిర్వాహకునిది.

ఇలాంటి సందిగ్ధాలు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది రక్షణనియమాల్లోనే. దానికి కారణం ఉంది. ఒక పాత్రను క్రీడాకారుడు నెలల తరబడి, ఒక్కొక్కసారి సంవత్సరాల తరబడి పెంచుకొంటాడు. ఆ పాత్ర చావుబతుకులు ఒక పాచికమీద, లేదా ఒక వాక్యానికి చెప్పుకొనే అర్థంమీద ఆధారపడినప్పుడు ఆ వాక్యవ్యాఖ్యానం కేవలం సాంకేతికవిషయంగా మిగలదు.

ఈ వ్యాసంలో సేవింగ్ త్రోను ‘రక్షణపాచిక’ అనీ, ఇమ్యూనిటీని ‘అభేద్యత’ అనీ, రెంటికీ మధ్య నిలిచే రెసిస్టెన్స్‌ను ‘ప్రతిరోధం’ అనీ వ్యవహరిస్తున్నాను. ఇమ్యూనిటీకి వైద్యపరిభాషలో ‘నిరోధకత’ అన్న మాట వాడుకలో ఉంది. కాని ఈ క్రీడాగ్రంథాల్లో రెసిస్టెన్స్, ఇమ్యూనిటీ రెండు వేర్వేరు పారిభాషికపదాలు. ‘నిరోధకత’ అంటే అవి ఒకదానితో ఒకటి కలిసిపోయే ప్రమాదం ఉంది.

2. యుద్ధక్రీడలనుంచి వచ్చిన వారసత్వం

పాత్రధారణక్రీడలకు మాతృక సైనికయుద్ధక్రీడ. ప్రష్యాలో రైస్విట్జ్ 1824లో రూపొందించిన ‘క్రీగ్‌స్పీల్’లో పట్టికలు, పాచికలు, మధ్యవర్తి మూడూ ఉన్నాయి. 1876లో వెర్డీ దు వెర్న్వా పట్టికలభారం తగ్గించి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తీర్పుకే ప్రాధాన్యమిచ్చే పద్ధతిని ప్రతిపాదించాడు. నియమగ్రంథానికీ మధ్యవర్తి విచక్షణకూ నడుమ ఉన్న ఈ లాగుడు తరువాత వచ్చిన పాత్రధారణక్రీడలకూ సంక్రమించింది. 1880లో అమెరికాలో చార్లెస్ టాటెన్ రచించిన ‘స్ట్రాటెగోస్’ మధ్యవర్తికి విస్తృతాధికారమిచ్చింది. దానినుంచి స్ఫూర్తి పొందిన డేవిడ్ వెస్లీ 1969లో ‘బ్రౌన్‌స్టైన్’ అనే ఆటను నడిపాడు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ ‘బ్లాక్‌మూర్’ను సృష్టించాడు.

రక్షణపాచిక మాత్రం బొమ్మసైనికులతో ఆడే వినోదయుద్ధక్రీడలనుంచి వచ్చింది. బ్రిటన్‌లో టోనీ బాత్ వంటివారు ప్రాచీన, మధ్యయుగయుద్ధాల కోసం రాసుకొన్న నియమాల్లో దెబ్బ తగిలిన సైనికునికి కవచాన్నిబట్టి మరొక పాచిక వేసే పద్ధతి ఉంది. మొదటి పాచిక దెబ్బ తగిలిందని చెబుతుంది. రెండవ పాచిక ఆ దెబ్బ ప్రాణం తీయలేదని చెప్పగలదు. ఈ రెండవ పాచిక భావనే తరువాతి చరిత్రకంతటికీ బీజం.

1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి రచించిన ‘చైన్‌మెయిల్’కు ఒక అద్భుతకాల్పనిక అనుబంధం ఉంది. అందులో సామాన్యసైనికులు మాంత్రికుని అగ్నిగోళానికి ఎదురులేకుండా నశిస్తారు. వీరులు, మాంత్రికులు వంటి విశిష్టవ్యక్తులకు మాత్రం పాచికలు వేసి బతికే అవకాశముంది. అంటే రక్షణపాచిక తొలిదశలో అందరికీ ఉన్న హక్కు కాదు. విశిష్టునికి గుర్తు. సైన్యంలో ఒకడిగా కాక పేరున్న పాత్రగా నిలిచినవాడికే అది దక్కింది. పాత్రధారణక్రీడలో ప్రతి క్రీడాకారునికీ పేరున్న పాత్ర ఉంటుంది. కనుక రక్షణపాచిక అక్కడ అందరి హక్కుగా మారడం సహజపరిణామం.

3. ఐదు గడుల పట్టిక (1974–1989)

1974లో మూడు చిన్నపుస్తకాలుగా వచ్చిన మూలక్రీడలో రక్షణపాచికలకు ఒక పట్టిక ఉంది. ఆపదలను అది ఐదు గడులుగా విభజించింది: మృత్యుకిరణం లేదా విషం, మంత్రదండాలు, శిలగా మారడం, డ్రాగన్ ఊపిరి, పెద్దదండాలు, మంత్రాలు. మొదటిస్థాయి యోధుడు విషాన్ని తట్టుకోవాలంటే ఇరవై ముఖాల పాచికమీద 12 లేదా అంతకు మించి పడాలి. అంటే బతికే అవకాశం 45 శాతం. మంత్రానికైతే 16 పడాలి, అంటే 25 శాతం.

ఈ విభజనలో తర్కబద్ధమైన వర్గీకరణ కనిపించదు. కొన్ని గడులు ఆపద వచ్చే సాధనాన్ని చెబుతాయి, మంత్రదండం అలాంటిది. కొన్ని ఆపద కలిగించే ఫలితాన్ని చెబుతాయి, శిలగా మారడం అలాంటిది. మరికొన్ని ఆపద తెచ్చే ప్రాణిని చెబుతాయి, డ్రాగన్ ఊపిరి అలాంటిది. ఒకే ఆపద రెండు గడుల్లోకి వస్తే ఏం చేయాలన్నది మొదటి వ్యాఖ్యానసమస్య. రూపాన్ని మార్చే మంత్రదండంతో దాడి జరిగితే సాధనాన్నిబట్టి ఒక గడి వర్తిస్తుంది, ఫలితాన్నిబట్టి మరొకటి వర్తిస్తుంది. 1989లో వచ్చిన రెండవ ముద్రణ దీనికి స్పష్టమైన పరిష్కారం చూపింది. పట్టికలో ఎడమనుంచి కుడికి చూస్తూ పోవాలి, ముందుగా వర్తించిన గడినే తీసుకోవాలి. పట్టికలో స్థానమే ప్రాబల్యాన్ని నిర్ణయించే సూత్రమైంది. నియమాలు పరస్పరం తలపడినప్పుడు ఏది బలీయమో పాఠక్రమంతోనే నిర్ణయించడం వ్యాకరణశాస్త్రం చదివినవారికి పరిచితమైన ఉపాయమే.

ఈ దశలో గమనించవలసిన మరొక విషయం ఉంది. పాత్ర స్థాయి పెరిగేకొద్దీ రక్షణ పెరుగుతుంది, దాడిచేసేవాని బలంతో దానికి సంబంధం లేదు. 1979 నాటి పట్టిక ప్రకారం మొదటిస్థాయి యోధుడు విషాన్ని తట్టుకోవడానికి 14 కావాలి, పదిహేడవస్థాయికి 3 చాలు. అంటే 35 శాతం నుంచి 90 శాతానికి ఎదుగుదల. మంత్రాలకు వ్యతిరేకంగా కూడా ఆ యోధునికి 6 చాలు, అంటే 75 శాతం. ఎదుటి మాంత్రికుడు ఎంతటివాడైనా ఆ సంఖ్య మారదు. ఈ వ్యవస్థలో రక్షణ పాత్ర స్వార్జితం.

4. గైగాక్స్ సమర్థన

రక్షణపాచికను కొందరు తర్కవిరుద్ధమని ఆక్షేపించారు. బండకు గొలుసులతో కట్టివేసిన యోధుడు డ్రాగన్ ఊపిరినుంచి ఎలా తప్పించుకొంటాడన్నది ఆ ఆక్షేపణసారం. 1979లో వెలువడిన నిర్వాహకగ్రంథంలో గైగాక్స్ ఈ ఉదాహరణనే తీసుకొని సమాధానం చెప్పాడు. బండలో ఒక నెర్రె ఉండవచ్చు, అందులోకి ఒదిగి ఉండవచ్చు. తేలు కుట్టినా విషం లోపలికి ఎక్కకపోయి ఉండవచ్చు. పాచిక ఫలితం ముందు వస్తుంది, దానికి తగిన కథనాన్ని తరువాత కల్పించుకోవాలి. మాంత్రికుడైతే తన విద్యతో, పూజారి అయితే దైవబలంతో, యోధుడైతే మొండితనంతో మంత్రప్రభావాన్ని ఎదుర్కొంటాడని ఆయన వివరించాడు.

ఈ సమర్థనలో ఒక ముఖ్యసిద్ధాంతం ఉంది. రక్షణపాచిక భౌతికవాస్తవాన్ని కొలిచే పరికరం కాదు. పాత్రకు చివరి అవకాశం నిరాకరించరాదన్న న్యాయభావన దానికి పునాది. అందుకే ఆ గ్రంథంలో ఎంత రక్షణ ఉన్నా పాచికమీద 1 పడితే వైఫల్యమే. ఎటువైపూ సంపూర్ణనిశ్చయం ఉండకూడదన్నది ఇందులోని భావం.

ఇదే కాలంలో ఈ భావనకు పూర్తిగా విరుద్ధమైన రచన గైగాక్స్ కలంనుంచే వచ్చింది. 1975లో ఒరిజిన్స్ సమావేశంలో ఆడించి, 1978లో ప్రచురించిన ‘టూంబ్ ఆఫ్ హారర్స్’లో కొన్ని ఉచ్చులకు రక్షణపాచికే లేదు. రాతిముఖం తెరచిన నోటిలోకి దూరినవాడు మిగలడు. కనుక వ్యవస్థలో మొదటినుంచీ మూడు స్థితులున్నాయని గ్రహించాలి: పాచిక అక్కరలేని విజయం, పాచికతో తేలే సందేహం, పాచికకు తావులేని వినాశం. మొదటిది అభేద్యత, రెండవది రక్షణపాచిక, మూడవది నిరవకాశం. మొదటిదీ మూడవదీ నిశ్చయాలు. నడిమిదే ఆట.

5. అభేద్యత మూలాలు

అభేద్యత కథల్లో ఎంతో పాతది. హిరణ్యకశిపుని వరం తెలుగువారందరికీ తెలిసినదే. పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని చావులేకుండా కోరుకొన్న ఆ పట్టిక ఒక అభేద్యతాపట్టిక. నరసింహావతారం ఆ పట్టికను ఉల్లంఘించలేదు. దాని మాటలకు అర్థం చెప్పి, వాటిమధ్య మిగిలిన సందును వాడుకొంది. వరాన్ని ఎంత వివరంగా రాస్తే అంత సూక్ష్మవ్యాఖ్యానానికి తావు దొరుకుతుందన్నది ఆ కథలోని పాఠం. పాశ్చాత్యక్రీడకూ ఈ కథకూ చారిత్రకసంబంధం లేదు. కాని సమస్యాస్వరూపం ఒక్కటే.

ఈ క్రీడలో అభేద్యత మొదట ఆయుధాల విషయంలో ప్రముఖంగా కనబడింది. కొన్ని భూతాలకు మామూలు ఆయుధం తగలదు. వెండిదో, మంత్రించినదో కావాలి. 1977 నాటి ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో గార్గోయిల్ అలాంటిది. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. మంత్రించిన ఆయుధం లేని రెండు గార్గోయిల్స్ పరస్పరం పోరాడితే ఒకదాన్నొకటి గాయపరచలేవా? 1979 గ్రంథం దీనికి ఒక పట్టికతో జవాబిచ్చింది. నిర్ణీతబలం మించిన భూతాల దెబ్బలను మంత్రించిన ఆయుధాల దెబ్బలతో సమానంగా లెక్కించాలని చెప్పింది. అభేద్యత వస్తుగతలక్షణమా, లేక దాడిచేసేవానితో ఉండే సంబంధమా అన్న ప్రశ్నకు ఇది రెండవదని చెప్పినట్లయింది.

ఘూల్ అనే పిశాచం స్పర్శ మరొక నిదర్శనం. అది తాకినవారు కదలలేక బిగుసుకుపోతారు, ఎల్ఫ్‌లు తప్ప. ఈ మినహాయింపు 1974 నుంచీ ఉంది. అయితే దీనిని ఎల్ఫ్‌ల వర్ణనలో కాక ఘూల్ వర్ణనలో రాశారు. దీన్ని ఎల్ఫ్‌లకు బిగుసుకుపోవడంనుంచి ఉన్న సార్వత్రికాభేద్యతగా చదవరాదు. అది ఘూల్ శక్తికి ఉన్న పరిమితి మాత్రమే. మరొక భూతం అదే ఫలితాన్ని కలిగిస్తే ఎల్ఫ్‌కు రక్షణ లేదు. నియమం ఏ పుటలో ఉందన్నది దాని అర్థాన్ని నిర్ణయించే సందర్భం ఇది.

రెంటిమధ్య నిలిచినది మంత్రప్రతిరోధం. 1977 గ్రంథంలో దానిని శాతాల్లో చెప్పారు. పదకొండవస్థాయి మాంత్రికుని ప్రమాణంగా పెట్టుకొని, స్థాయి ఒకటి పెరిగితే 5 శాతం తగ్గించాలి, తగ్గితే 5 శాతం పెంచాలి. ప్రతిరోధం విఫలమైతే ఆ తరువాత రక్షణపాచిక వేయాలి. ఇలా రక్షణ అంచెలంచెలుగా ఉండేది.

ఇతరక్రీడలు ఇదే సమస్యకు వేరే జవాబులు వెతికాయి. 1975లో కెన్ సెయింట్ ఆండ్రే రచించిన ‘టనెల్స్ అండ్ ట్రోల్స్’లో రక్షణపాచిక పాత్ర అదృష్టగుణంతో ముడిపడింది. 1978లో వచ్చిన ‘రూన్‌క్వెస్ట్’ రెండుపక్షాల శక్తులను ఒక పట్టికలో పోల్చింది. సమానబలాలకు 50 శాతం, ఒక్కొక్క అంకె తేడాకు 5 శాతం హెచ్చుతగ్గు. రక్షణ స్వార్జితం కాదు, ఎదుటివాని బలంతో పోల్చి చూడవలసినది అన్న దృష్టి ఇక్కడ స్పష్టమైంది. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 2000లో ఈ దృష్టికి దగ్గరగా వచ్చింది.

6. మూడు రక్షణలు: 2000 నాటి మలుపు

1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఈ క్రీడ హక్కులను పొందింది. జొనాథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ రూపొందించిన మూడవ ముద్రణ 2000లో వచ్చింది. ఐదు గడులు పోయి మూడు రక్షణలు మిగిలాయి: ఫోర్టిట్యూడ్ (దేహదార్ఢ్యం), రిఫ్లెక్స్ (చురుకుదనం), విల్ (సంకల్పబలం). ఆపద ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న స్థానంలో పాత్ర దానిని దేనితో ఎదుర్కొంటుందన్న ప్రశ్న వచ్చింది. వర్గీకరణతర్కం స్థిరపడింది.

అయితే లక్ష్యసంఖ్య దాడిచేసేవాని చేతికి పోయింది. 10కి మంత్రస్థాయినీ, మాంత్రికుని గుణబలాన్నీ కలిపితే వచ్చేదే లక్ష్యసంఖ్య. ఇరవయ్యవస్థాయి యోధునికి సంకల్పరక్షణ మూలబలం 6 మాత్రమే. బుద్ధిబలం 30 ఉన్న మాంత్రికుడు తొమ్మిదవస్థాయి మంత్రం వేస్తే లక్ష్యం 29. ఇతరసహాయాలు లేకపోతే ఆ యోధుడు 20 పడితేనే బయటపడతాడు, అంటే 5 శాతం. 1979 పట్టికలో అదేపాటి యోధునికి 75 శాతం ఉండేదని పైన చూశాం. ఈ తేడా ఆడేతీరును మార్చింది. పాచికమీద భరోసా తగ్గినప్పుడు క్రీడాకారులు నిశ్చయాన్ని కోరుకొంటారు. మరణమంత్రాలనుంచి కాపాడే డెత్ వార్డ్, మనస్సును వశంకాకుండా చేసే మైండ్ బ్లాంక్ వంటి అభేద్యతాదాయకమంత్రాలు ఉన్నతస్థాయి ఆటలో కీలకమయ్యాయి.

ఈ ముద్రణలోనే అత్యంత ఆసక్తికరమైన వ్యాఖ్యానసమస్య పుట్టింది. దేహదార్ఢ్యరక్షణ అవసరమయ్యే ప్రభావం ఏదైనా ప్రేతజీవులకు వర్తించదని నియమం. జడవస్తువులమీద కూడా పనిచేసే ప్రభావాలకూ, హానిలేనివాటికీ మాత్రమే మినహాయింపు. ప్రాణమున్న దేహం లేదు కనుక దేహదార్ఢ్యపరీక్ష అనవసరమన్నది ఇందులోని తర్కం. వస్తువులను కూడా ధూళిచేసే డిసిన్‌టెగ్రేట్ మంత్రం ప్రేతజీవులకూ వర్తించడానికి కారణం ఆ మినహాయింపే.

ఇప్పుడు సౌండ్ బర్స్ట్ మంత్రాన్ని పరిశీలిద్దాం. 2003 నాటి 3.5 సవరణలో ఈ మంత్రం పరిధిలోని ప్రాణులకు ఎనిమిది ముఖాల పాచిక చొప్పున ధ్వనిహాని చేస్తుంది. దానితోపాటు దేహదార్ఢ్యరక్షణలో విఫలమైనవారు దిమ్మెరపోతారు. మరి అస్థిపంజరానికి ధ్వనిహాని కలుగుతుందా?

మొదటి వ్యాఖ్యానం ప్రకారం ‘ప్రభావం’ అంటే మంత్రం మొత్తం. మంత్రానికి దేహదార్ఢ్యరక్షణ ఉంది, కనుక ప్రేతజీవికి ఏమీ కాదు. రెండవ వ్యాఖ్యానం ప్రకారం ‘ప్రభావం’ అంటే రక్షణతో ముడిపడిన భాగమే. హాని పాచికతో సంబంధం లేకుండా కలుగుతుంది, కనుక అది వర్తిస్తుంది. మొదటిపక్షానికి ఒక బలముంది. దిమ్మెరపోవడంనుంచి ప్రేతజీవులకు వేరే నియమంద్వారా ఎటూ అభేద్యత ఉంది. రెండవపక్షమే నిజమైతే ఇక్కడ దేహదార్ఢ్యనియమానికి చేయవలసిన పనేమీ లేదు. కాని ఒక్కచోట పనిలేనంతమాత్రాన నియమం వ్యర్థం కాదు, అనేకమంత్రాల్లో దానికి పని ఉంది. పైగా మంత్రపాఠంలోనే ఒక లింగం, అంటే అర్థసూచకమైన గుర్తు, దొరుకుతుంది. చెవి వినబడనివారు దిమ్మెరపోరు గాని హానిమాత్రం పొందుతారని అందులో ఉంది. అంటే పాఠమే రెండు ఫలితాలను విడదీసి చూస్తోంది. ఈ కారణంచేత రెండవవ్యాఖ్యానమే బలవత్తరమని నా అభిప్రాయం.

అదే గ్రంథంలో మరొక నియమం అభేద్యత స్వభావాన్ని తెలుపుతుంది. ఎవరైనా తమ రక్షణపాచికను స్వచ్ఛందంగా వదులుకోవచ్చు. మంత్రాలను సహజంగా ఎదిరించే గుణమున్నవారు కూడా ఆ గుణాన్ని అణచిపెట్టుకోవచ్చు. దీనినిబట్టి రక్షణ ఒక హక్కు అని తేలుతుంది. హక్కు అయితే వదులుకొనే స్వేచ్ఛ ఉంటుంది.

7. 2008, 2014: రెండు పునర్నిర్వచనాలు

2008 నాటి నాలుగవ ముద్రణ పాచికను దాడిచేసేవాని చేతికే ఇచ్చింది. దేహదార్ఢ్యం, చురుకుదనం, సంకల్పం స్థిరసంఖ్యలయ్యాయి. దాడిచేసేవాడు వాటిని మించాలి. ‘సేవింగ్ త్రో’ అన్న పేరు మిగిలింది గాని అర్థం మారింది. అప్పటికే తగిలిన ప్రభావం ముగుస్తుందా లేదా అన్నది తేల్చడానికి తన వంతు చివర వేసే పాచిక అది. 10 లేదా అంతకు మించితే ప్రభావం పోతుంది, అంటే 55 శాతం. రక్షణపాచిక నివారణనుంచి ఉపశమనానికి మారింది. పాత ముద్రణలో చదివిన అలవాటుతో ఇక్కడ ఆ పదాన్ని చదివితే పొరపాటు తప్పదు.

2014 నాటి అయిదవ ముద్రణ రక్షణపాచికను మళ్ళీ బాధితుని చేతికిచ్చింది. ఆరు మూలగుణాలకు ఆరు రక్షణలు. లక్ష్యసంఖ్య 8కి నైపుణ్యాన్నీ, గుణబలాన్నీ కలపగా వస్తుంది. ఒక పాత్రకు సాధారణంగా రెండు రక్షణల్లోనే నైపుణ్యం ఉంటుంది, మిగిలినవి స్థాయితో పెరగవు. నైపుణ్యం 6, గుణబలం 5 ఉన్న మాంత్రికుని లక్ష్యసంఖ్య 19. గుణబలం సున్నా అయిన రక్షణతో దానిని దాటే అవకాశం 10 శాతం. ఇక్కడ 20 పడినంతమాత్రాన విజయం కూడా కాదు. ప్రబలభూతాలు ఒక్క పాచికతో కూలిపోకుండా వాటికి ‘లెజెండరీ రెసిస్టెన్స్’ అనే గుణమిచ్చారు. పాచికలో ఓడినా పరిమితపర్యాయాలు గెలుపుగా మార్చుకోవచ్చు. పాత మంత్రప్రతిరోధం రక్షణపాచికలోనే కలిసిపోయింది. శాతాలకు బదులు రెండు పాచికలు వేసి మెరుగైనది తీసుకొనే సౌకర్యంగా మిగిలింది.

అభేద్యతను ఈ ముద్రణ రెండుగా విడదీసింది: హానినుంచి అభేద్యత, స్థితినుంచి అభేద్యత. అస్థిపంజరానికి విషహానినుంచీ, విషగ్రస్తస్థితినుంచీ విడివిడిగా అభేద్యత రాసి ఉంటుంది. ఇది స్పష్టత కోసం చేసిన విభజన. అయినా అదే ఏడు వచ్చిన స్టింకింగ్ క్లౌడ్ మంత్రపాఠంలో ఊపిరితో పనిలేనివారూ, విషంనుంచి అభేద్యత ఉన్నవారూ రక్షణపాచికలో తమంతటతామే గెలుస్తారని ఉంది. ‘విషం’ అంటే విషహానియా, విషగ్రస్తస్థితియా? ఆ మంత్రం హాని చేయదు, విషగ్రస్తస్థితినీ పేర్కొనదు. వాంతివికారంతో పని చెడగొడుతుంది. పరిభాషను విభజించిన గ్రంథమే పాత అవిభక్తపదాన్ని వాడటంతో సందిగ్ధం తలెత్తింది. ఫలితం శరీరస్థితికి సంబంధించినది కనుక స్థితినుంచి అభేద్యత ఉంటే చాలునని చెప్పడం ఉచితంగా తోస్తుంది.

8. ఎల్ఫ్, నిద్ర: యాభైయేళ్ళ నిదర్శనం

నిద్రమంత్రం ఎల్ఫ్‌లమీద పనిచేస్తుందా అన్న ఒక్క ప్రశ్నకు ఈ గ్రంథాలిచ్చిన జవాబులను వరుసగా పెడితే పరిణామమంతా కనబడుతుంది. 1974లో నిద్రమంత్రానికి రక్షణపాచికే లేదు. 1978లో ఎల్ఫ్‌కు 90 శాతం ప్రతిరోధం, అర్ధ-ఎల్ఫ్‌కు 30 శాతం. 2000లో ఎల్ఫ్‌కు సంపూర్ణాభేద్యత. 2008లో నిద్రమంత్రం రెండుదశల్లో పనిచేస్తుంది. మొదట మందకొడితనం, మొదటి రక్షణపాచిక తప్పితే నిద్ర. అప్పుడు ఎల్ఫ్‌కు దానినుంచి ప్రత్యేకరక్షణ లేదు. 2014లో మంత్రానికి రక్షణపాచిక లేదు, కాని మంత్రం ఎల్ఫ్‌ను నిద్రపుచ్చలేదు. 2024 సవరణలో నిద్రమంత్రానికి రక్షణపాచిక వచ్చింది. నిద్రపోని జాతులు ఆ పాచికలో తమంతటతామే గెలుస్తాయి.

90 శాతానికీ 100 శాతానికీ సంఖ్యలో తేడా స్వల్పమే. భావనలో తేడా చాలా ఉంది. మొదటిదానిలో ఎల్ఫ్ నిద్రించే సంభావ్యత కథకు మిగిలి ఉంది, రెండవదానిలో లేదు. అలాగే 2014, 2024 పాఠాల ఫలితం ఒక్కటే అయినా నిర్మాణం వేరు. 2014లో అభేద్యత పాత్ర లక్షణం. 2024లో మంత్రపాఠం దానిని విజయంగా అనువదిస్తుంది. రక్షణపాచికలో గెలిచినవారికి కూడా కొంత ప్రభావం కలిగించే మంత్రాల విషయంలో ఈ తేడా ముఖ్యం. ‘తమంతటతామే గెలుస్తారు’ అన్నవారికి ఆ కొంత తప్పదు. ‘వర్తించదు’ అన్నవారికి అదీ ఉండదు.

9. వ్యాఖ్యానసూత్రాలు

ఈ సందిగ్ధాలను తీర్చడానికి ఒక సంస్థాగతసంప్రదాయం కూడా ఏర్పడింది. ‘ది డ్రాగన్’ పత్రికలో 1979లో జీన్ వెల్స్ ‘సేజ్ అడ్వైస్’ శీర్షికను ప్రారంభించారు. తరువాత స్కిప్ విలియమ్స్ దానిని దీర్ఘకాలం నిర్వహించారు. అయిదవ ముద్రణకు జెరెమీ క్రాఫర్డ్ అదే పేరుతో వివరణలిచ్చారు. సూత్రం, దానిమీద వివరణ, వివరణమీద చర్చ అన్న ఈ క్రమం మన శాస్త్రసంప్రదాయాలను ఎరిగినవారికి కొత్తగా అనిపించదు.

2014 నాటి క్రీడాకారగ్రంథం విశేషనియమం సామాన్యనియమాన్ని బాధిస్తుందని స్పష్టంగా ప్రకటించింది. ఇది మన వ్యాకరణ, మీమాంసాశాస్త్రాల్లోని ఉత్సర్గాపవాదన్యాయానికి సమానాంతరమైనది. అదే ప్రచురణసంస్థ 1993లో తెచ్చిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ చీట్లాటలో కూడా చీటీమీది మాటకు సాధారణనియమంకన్నా ప్రాబల్యముంది. ఒక సంస్థలో రెండు ఆటలకూ ఒకే వ్యాఖ్యానధోరణి ఏర్పడటం గమనార్హం.

అయితే ఉత్సర్గాపవాదన్యాయం ఒక్కటే చాలదు. అభేద్యతా, మంత్రపాఠమూ రెండూ విశేషాలే అయినప్పుడు ఏది అపవాదమో తేలదు. పైన చూసిన నిదర్శనాల ఆధారంగా మూడు ప్రశ్నలను వరుసగా అడగడం ఉపయుక్తమని ప్రతిపాదిస్తున్నాను. మొదటిది: అభేద్యత కారణానికి సంబంధించినదా, ఫలితానికి సంబంధించినదా? రెండవది: రక్షణపాచిక ప్రభావం మొత్తానికి షరతా, దానిలో ఒక భాగానికి షరతా? మూడవది: ఆ నియమం రక్షణపొందేవాని వర్ణనలో ఉందా, దాడిచేసేవాని వర్ణనలో ఉందా? సౌండ్ బర్స్ట్ సమస్య రెండవప్రశ్నతో, స్టింకింగ్ క్లౌడ్ సమస్య మొదటిప్రశ్నతో, ఘూల్ సమస్య మూడవప్రశ్నతో విడిపోవడం పైన చూశాం.

10. ముగింపు

1. రక్షణపాచిక సైనికునికి కవచంగా పుట్టి, వీరునికి గుర్తుగా మారి, చివరకు ప్రతిపాత్రకూ హక్కుగా స్థిరపడింది.

2. 1979 పట్టికలో రక్షణ పాత్ర స్వార్జితం. 2000 తరువాత అది దాడిచేసేవాని బలానికి సాపేక్షం. ఈ మార్పుతో పాచికపై భరోసా తగ్గి, అభేద్యతకు విలువ పెరిగింది.

3. అభేద్యతను ఎంత సూక్ష్మంగా విభజించి రాసినా వ్యాఖ్యానావసరం తీరలేదు. కొత్త విభజన పాతపదాలతో తలపడి కొత్త సందిగ్ధాలను తెచ్చింది.

4. ‘వర్తించదు’, ‘తమంతటతామే గెలుస్తారు’ అన్న రెండు నిర్మాణాలను సమానార్థకాలుగా భావించరాదు.

గొలుసులతో కట్టివేసిన యోధునికి కూడా బండలో ఒక నెర్రె ఉండవచ్చునన్న గైగాక్స్ భావన ఈ చరిత్రకు కేంద్రం. అభేద్యత ఆ నెర్రెను అనవసరం చేస్తుంది, నిరవకాశం దానిని మూసివేస్తుంది. ఈ రెండు నిశ్చయాల నడుమ సందేహానికి ఎంత చోటు మిగలాలన్నదే యాభైయేళ్ళుగా ఈ నియమగ్రంథాలు తిరిగితిరిగి తేల్చుకొంటున్న ప్రశ్న. నియమపాఠాన్ని జాగ్రత్తగా చదవడమంటే పాచిక వేయవలసినచోట దానిని క్రీడాకారుని చేతినుంచి లాక్కోకుండా ఉండటం, వేయనక్కరలేనిచోట అతనిచేత వేయించకుండా ఉండటం.